మేస్త్రియు మాస్టారును

గత వేసవిలో బిలాస్‌పూరులోని మా పినతండ్రిగారి యింట కొలది దినములుంటిని. ఆయన రైల్వేలో పదవీవిరమణ చేసి, కాలనీకి సమీపమున చిన్న యిల్లు కట్టుకొని యున్నారు. ఒకనాటి యుదయమున పెరటి ప్రహరీగోడకు నిలువున బీట కనిపించినది. పిన్నిగారు పదియేండ్ల మనుమని పిలిచి, “ఒరే కన్నా, వీధి చివర మేస్త్రి ఎవడైనా ఉంటే పిలుచుకురా” అనిరి. వాడు సైకిలెక్కి పోయి, అరగంటలో ఒక యువకుని వెంటబెట్టుకొని వచ్చెను. అతని సంచిలో స్క్రూడ్రైవర్లు, రాగితీగలు, నీళ్లు తోడు చిన్న మోటారు ఉన్నవి. అతడు కూలర్లు బాగుచేయు మిస్త్రీ!

“మిస్త్రీని తెమ్మన్నావు, తెచ్చాను కదా నానమ్మా” అని వాడు. “నేను చెప్పింది మేస్త్రినిరా, మిస్త్రీని కాదు” అని ఆమె. వచ్చినవానికి తెలుగు రాదు. కాని తగవు తన హోదానుగూర్చియే యని గ్రహించి నవ్వుకొనెను. వచ్చిన దారి వృథాపోనీయక కూలరు విప్పి, పంపునకు పట్టిన పాచి తీసి, తన కూలి తాను పుచ్చుకొని వెళ్లెను. గోడ బీట మాత్రము మరునాటికి మిగిలినది.

ఆ మధ్యాహ్నము కూలరు చల్లగా వీచుచుండగా, ఢిల్లీలో నేను హాజరైన యొక సాయంకాలపు తరగతి జ్ఞాపకమునకు వచ్చినది. నలువదేండ్లు దాటిన తరువాత నాకు స్పానిషు భాష నేర్చుకొనవలెనను కోరిక పుట్టినది. కార్యాలయమున మిత్రులు దీనిని వేళాకోళము చేసిరి. మొదటి దినమున నేను నోటుపుస్తకములో వ్రాసికొన్న మాటలలో నొకటి ‘మాయెస్త్రో’. దాని కెదురుగా ‘ఉపాధ్యాయుడు’ అని వ్రాసి, ఒక మాట వచ్చినదికదా యని తృప్తిపడితిని. ఆ తృప్తి రెండు వారములు నిలువలేదు.

బడిలో పాఠము చెప్పువాడు మాయెస్త్రో. చెప్పునది స్త్రీయైనచో మాయెస్త్రా. ఇంతవరకు చిక్కులేదు. తరువాతి పాఠములో ఎద్దుల పోరాటమునకు బరిలో దిగిన వీరుని జనులు మాయెస్త్రో యని పిలిచిరి. ఆ పై పాఠములో వాద్యబృందమును నడపువాడు మాయెస్త్రో యయ్యెను. మెక్సికో దేశమున విశ్వవిద్యాలయపు మాస్టరు పట్టము పొందినవాడు మాయెస్త్రో. చిలీ దేశమున ఇంటికి వచ్చి గోడ పూయువాడును, నీళ్ల గొట్టము బిగించువాడును మాయెస్త్రోలే. మాట విశేషణమైనపుడు మరికొన్ని వింతలు. ఇంటి బరువునెల్ల మోయు గోడ మాయెస్త్రా గోడ. అన్ని తాళములకు పట్టు చెవి మాయెస్త్రా చెవి. తేనెపట్టులోని రాణియీగ మాయెస్త్రా ఈగ. ఒక శిల్పి కృతులన్నింటిలో మేటియైనది మాయెస్త్రా కృతి. నా పుస్తకములో ‘ఉపాధ్యాయుడు’ అను మాటను కొట్టివేసి, దాని చోట నేమి వ్రాయవలెనో తోచక ఖాళీగా విడిచితిని. మాకు పాఠము చెప్పిన యామె, ఈ మాటకు అర్థము నిఘంటువులో చూడరాదనియు, పిలిచినప్పుడు ఎవరు వెనుకకు తిరుగుదురో చూడవలెననియు చెప్పెను.

ఆ మాట నేను బిలాస్‌పూరులో పెరటిగోడ ప్రక్కన విందునని అప్పుడు అనుకొనలేదు. మన మేస్త్రియు, హిందీవారి మిస్త్రీయు, స్పానిషువారి మాయెస్త్రోయు ఒక్క కడుపున పుట్టినవి.

మూలము లాటిను భాషలోని ‘మాగిస్తెర్’. ఆ భాషలో ‘మాగిస్’ అనగా ‘ఎక్కువ’. పదిమందిలో ఎక్కువవాడు, పై వాడు మాగిస్తెర్. దీనికి జంటగా ‘మినుస్’ అనగా ‘తక్కువ’ అను మాటనుండి ‘మినిస్తెర్’ పుట్టినది. అనగా సేవకుడు, క్రిందివాడు. ఆంగ్లమున మంత్రిని మినిస్టరనుట ఈ రెండవ మాటనుండియే. సచివాలయమున జీతము తీయు నావంటివాడు దీనిపై వ్యాఖ్యానము చేయుట క్షేమము కాదు. లాటిను లెక్క ప్రకారము మేస్త్రి పైవాడు, మినిస్టరు క్రిందివాడు అని మాత్రము చెప్పి విడుతును. ఆంగ్లములోని మాస్టరు, న్యాయస్థానములోని మేజిస్ట్రేటు కూడ ఈ మాగిస్తెర్ సంతానమే.

లాటిను మాట ఐబీరియా ద్వీపకల్పమున రెండుగా చీలినది. స్పెయిను వారి నోట మాయెస్త్రో, పోర్చుగలు వారి నోట మెస్త్రె. 1580 మొదలు 1640 వరకు ఆ రెండు దేశములు ఒకే రాజు క్రింద నుండెను. భాషలు మాత్రము విడిగానే యుండెను. మన తీరమునకు వచ్చినది పోర్చుగీసు రూపము. 1498లో వాస్కో ద గామా నావలు కోళికోడు చేరెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమయ్యెను. వారి ఓడలలో కప్తానుకును, దారి చూపు పైలటుకును తరువాతివాడు మెస్త్రె. నావికులచేత పని చేయించుట అతని విధి. ఓడ దిగిన పిమ్మట వడ్రంగులపైన, కమ్మరులపైన, రాతిపనివారిపైన నుండువాడును మెస్త్రెయే. కాబట్టి ఈ మాట మన దేశమున అడుగిడునాటికే దాని చేతిలో పుస్తకము లేదు, పనిముట్టున్నది.

తెలుగు చదువరులకు ప్రియమైన యొక సందర్భ మిచ్చట చెప్పదగియున్నది. శ్రీకృష్ణదేవరాయలు నేటి హోస్పేటకు సమీపమున గొప్ప చెరువు త్రవ్వించెను. ఆ పనిని కన్నులార చూచిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్, పదునైదు వేలో యిరువది వేలో జనులు చీమలవలె నేల కనబడకుండ పని చేయుచుండిరని వ్రాసెను. తరువాత కొన్నియేండ్లకు విజయనగరమున నుండిన ఫెర్నావ్ నూనిజ్, ఆ పనికై రాయలు గోవా గవర్నరు నడిగి జువావ్ ద లా పొంతె యను రాతిపనివానిని తెప్పించుకొనెనని తెలిపెను. ఈ రెండు రచనలను రాబర్టు స్యూయెలు 1900లో ఆంగ్లమున ప్రకటించెను. కట్ట ఒకటికి రెండుమార్లు తెగినదట, బలులిచ్చిరట. ఆ కథ యటుండనిండు. ఆ పొంతె తన వృత్తినిబట్టి తన భాషలో మెస్త్రెయే. అతని క్రింద మట్టి మోసినవారిలో తెలుగు కన్నడములు మాటలాడువారే యధికముగా నుండియుందురు. మేస్త్రి యను మాట ఆ చెరువుగట్టునే మన నోట పడినదని చెప్పుటకు ఆధారము లేదు, చెప్పను. ఇట్టి చోటులనే పడియుండునని మాత్రము ఊహింపవచ్చును.

పోర్చుగీసు ప్రభువుల యధికారము క్షీణించిన పిమ్మటగూడ వారి భాష రేవులలో చాలకాలము బ్రదికినది. డచ్చివారు, ఇంగ్లీషువారు సైతము మన తీరముననున్న జనులతో దానినే కలగాపులగముగా మాటలాడిరి. 1698లో నిచ్చిన యొక రాజశాసనములో, ఇంగ్లీషు కంపెనీ కోటలకు వచ్చు క్రైస్తవ గురువులు ఏడాదిలోపల పోర్చుగీసు నేర్చుకొనవలెనని నియమ మున్నది. అట్టి రోజులలోనే అలమార, బాల్చి, బొత్తాము, పీపా, తువాలు, ఇస్త్రీ, పాదిరి మన యిండ్లలో చొరబడినవి. వీనిలో ననేకములు వస్తువుల పేర్లు. వస్తువుతో వచ్చి వస్తువునంటి యుండినవి. మేస్త్రి యట్లుగాదు. అది మనుష్యుని పేరు గనుక మనుష్యునివలెనే ఊరూరికి వేషము మార్చినది.

మన ‘మేస్త్రి’లో మొదటి దీర్ఘము నిలిచినది; తుది ఎకారము మాత్రము ఇకారమైనది. తమిళ, కన్నడ, మలయాళములలో కొలది మార్పులతో ఇదే తీరు. ఉత్తరమునకు పోయిన మాటలో మొదటి అక్షరము కుదించుకొని మిస్త్రీ యయ్యెను. అర్థమునను ఇట్టి భేదమే యేర్పడినది. యూలు, బర్నెలు అను పండితులు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ అను కోశము 1886లో వెలువడినది. ఉత్తరదేశమున ఈ మాట ఏ పనివానికైనను చెల్లుననియు, దక్షిణమునను పడమటను దొరల యిండ్లలో వంటవానికిగాని దర్జీకిగాని వాడుదురనియు వారు వ్రాసిరి. అసలు అర్థము మాత్రము పనివారిపై పెద్ద యనియే వారి నిర్ణయము. తెలుగున ఆ ‘పై పెద్ద’ యను భావము నేటికిని బలముగా నున్నది. తాపీమేస్త్రి యనగా గోడ కట్టువాడే గాక నలుగురి చేత కట్టించువాడు. ముఠామేస్త్రి స్వయముగా మూట మోయవచ్చును, మోయకపోవచ్చును. కాని ముఠా ఎవరి మూట మోయునో నిర్ణయించువా డతడే. పురపాలక సంఘమున శానిటరీ మేస్త్రి చీపురు పట్టడు, పట్టించును. పెండ్లిలో వంటమేస్త్రి గరిటె త్రిప్పుటకంటె ఎక్కువగా నోరు త్రిప్పును. హిందీవారి మిస్త్రీ యట్లుగాదు. అతడు ఒంటరిగా సంచి పట్టుకొని వచ్చి, చెడినదానిని బాగుచేసి పోవును. గోడ కట్టువాడు కావలసినచో వారు రాజమిస్త్రీ యని విడిగా చెప్పవలెను. మా పిన్నిగారి మనుమనికి దొరికిన చిక్కు ఇదియే. వాడు వాడిన మాట తప్పుగాదు. నానమ్మ మాటయు తప్పుగాదు. ఒకటి గోవానుండి తూర్పునకు, ఒకటి ఉత్తరమునకు నడిచి, అయిదు వందల యేండ్లకు ఒక పెరటిలో తారసిల్లినవి.

తారసిల్లుటకు బిలాస్‌పూరుకంటె తగిన ఊరు లేదు. ఈ ఊరి నేటి రూపము రైలుబండి యిచ్చినది. నాగపూరునుండి రాజనాందగావు వరకు నడచిన పూర్వపు మీటరుగేజి మార్గమును విస్తరించి తూర్పునకు కొనిపోవుటకై 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ యేర్పడెను. బిలాస్‌పూరు మీదుగా అసన్సోలు వరకు 1891 నాటికి దారి పూర్తియైనది. కట్నీ వైపు చీలు మార్గమును ఇక్కడినుండియే. అడవి, కొండ, ఏరు గల యా ప్రాంతమున వంతెన కట్టవలెనన్న, స్టేషను లేవనెత్తవలెనన్న, చేయి తిరిగిన రాతిపనివారు కావలెను. వారు నలుదిక్కులనుండి వచ్చిరి.

పడమటి కచ్ఛ్ దేశమునుండి వచ్చినవారిని మిస్త్రీలనియే పిలుతురు. వృత్తిపేరు వారికి కులము పేరైనది. రాళ్లు చెక్కు వంశములవారు రైల్వే గుత్తలు పట్టి, వంతెనలు కట్టి, మార్గమువెంట నున్న ఊళ్లలో స్థిరపడిరి. బిలాస్‌పూరు వానిలో నొకటి. కలకత్తా దగ్గర బాలీ యొద్ద హుగ్లీనదిపై 1931లో తెరచిన వంతెనకు గుత్తదారు, రాయ్ బహదూర్ బిరుదముగల జగ్మల్ రాజా, వారిలోనివాడే. పార్సీలలోను గుజరాతీలలోను మిస్త్రీ ఇంటిపేరుగా నుండుట మన మెరుగుదుము. బెంగాలీ మిస్త్రీలు కార్ఖానాలోను లోకోషెడ్డులోను చేరిరి. తెలుగువారు తూర్పుతీరపు మార్గమునుండి, వాల్తేరు విజయనగరముల మీదుగా వచ్చిరి. 1931లో రాయపూరు-విజయనగరము మార్గము పూర్తియైనపుడు ఆ రాక మరింత సుగమమైనది. అంతకుముందు ఖరగ్‌పూరు చుట్టి రావలసినవారికి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సూటిదారి దొరికినది. కాలనీలో గుజరాతీ మిస్త్రీ గుత్తదారు, బెంగాలీ మిస్త్రీ ఫిట్టరు, హిందీ మిస్త్రీ వడ్రంగి, తెలుగు మేస్త్రి పనివారి పెద్ద. ఒకే మాట నాలుగు జీతములు తీసినది.

రైల్వే సంస్థ తన రికార్డులలో దీనికి అయిదవ యర్థము కల్పించినది. పట్టాలశాఖలో పి. డబ్ల్యు. మిస్త్రీ, కట్టడముల శాఖలో వర్క్సు మిస్త్రీ అను హోదాలుండెను. ఇన్‌స్పెక్టరుకు క్రింద, గ్యాంగుల మేటులకు పైన. (మేటు ఆంగ్లపు మాట, మన ‘మేటి’ కాదు. అయినను మా తాతగారి కాలపువారు ఆ రెండింటిని కలిపియే వాడిరని వినికిడి.) తరువాతి కాలమున ఆ హోదాలు సూపర్‌వైజరు అను పేరు దాల్చినవి. 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే జోను ఆరంభమైనది. ఇంతకాలము కాగితములపై బ్రదికిన మిస్త్రీ, కాగితము విడిచి మరల వీధిలోనికి వచ్చెను.

మా తాతగారిని ప్రస్తావించితిని గనుక ఆ మాటయు చెప్పవలెను. ఆయన మేస్త్రి. విజయనగరము జిల్లాలోని యొక పల్లెనుండి పదునెనిమిదేండ్ల వయస్సున రాయగడ ప్రాంతపు రాతిపనిలో కూలిగా చేరి, కొన్నియేండ్లకు ముప్పదిమందిపై మేస్త్రియై, పిమ్మట రైల్వేలో కుదురుకొని బిలాస్‌పూరు వచ్చి స్థిరపడెను. ఆయన పెద్దకుమారుడు, అనగా మా తండ్రిగారు, చదువుకొని బడిలో లెక్కలు చెప్పు మాస్టారైరి. చనిపోవువరకు మా తండ్రిగారు తన తండ్రిని గూర్చి ‘రైల్వేలో పని చేసేవారు’ అనియే చెప్పిరి. కాలనీలో వృద్ధు లెవరైన “మేస్త్రిగారి అబ్బాయివి కదూ” అని పలుకరించినచో ఆయన ముఖము చిన్నబోవుట నేను బాల్యమున గమనించితిని, కారణము తెలియలేదు.

స్పానిషు నేర్చుకొనుచుండగా ఇది నాకు వింతగా తోచినది. మాస్టారు, మేస్త్రి యనునవి ఒకే మాట. మాగిస్తెర్ పోర్చుగీసు ఓడలో వచ్చినపుడు మేస్త్రి యైనది. ఇంగ్లీషు బడిలో వచ్చినపుడు మాస్టరై, మన ‘వారు’ చేర్చుకొని మాస్టారైనది. మొదటిది తాపీ పట్టినది, రెండవది సుద్దముక్క పట్టినది. కన్నడమునను మేస్త్రి, మేష్ట్రు అని యిదే చీలిక. స్పెయినులో ఒక్క మాట యిద్దరిని పిలుచుచుండగా, మన మొకనికి మాటలోనే గౌరవము కుట్టి పెట్టితిమి. రెండవవానికి ‘గారు’ కావలసినచో విడిగా చేర్చవలెను, చాలమంది చేర్చరు. ఇటీవల మరియొక తమాషా జరుగుచున్నది. వంటమేస్త్రి వంటమాస్టరైనాడు, టీ కాచువాడు టీమాస్టరు, దర్జీ టైలరు మాస్టరు. హిందీ సీమలోనైతే మాస్టర్‌జీ యన్నచో పంతులో దర్జీయో సందర్భమునుబట్టి తెలియవలెను. సంగీతదర్శకులకు పత్రికలవారు ‘మాస్ట్రో’ యని బిరుదమిచ్చి, ఇటలీవారి రూపమును మూడవ ద్వారమున తెచ్చిరి. తాపీమేస్త్రిని మాత్రము ఎవరును తాపీమాస్టరనరు. తెలుగు సాహిత్యమున తాపీ ధర్మారావుగారు (1887-1973) ఇంటిపేరున తాపీని, చేతిలో కలమును ధరించి సంపాదకులై పండితులై వెలసిరి. ఆ పేరు పలుకునపుడు పనిముట్టు స్ఫురించువా రెందరో తెలియదు.

మా తండ్రిగారి సంకోచము కేవలము ఈ హోదాభేదమువలన గలిగినదే యని నేను తలచితిని. మా పినతండ్రిగారు ఈ వేసవిలో నన్ను సవరించిరి. మేస్త్రి యను మాటకు మరియొక యర్థమున్నది. నిఘంటువులు దానిని మెల్లగా చెప్పును.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి తెలుగు తీరపు రేవులనుండి జనులు వేలకొలది రంగూనుకు పోయిరి. కోరంగి రేవు పేరనే బర్మాలో మనవారికి కోరంగీలను పేరు కలిగినది. వీరిని కొనిపోయినవాడు మేస్త్రి. ఊరిలో బయానా యిచ్చి, ఓడ టిక్కెట్టు కొని, రంగూను మిల్లులో రేవులో పని చూపి, తరువాత ప్రతి జీతములో తన వంతు కోసికొనువాడు. పెద్దమేస్త్రి క్రింద చిన్నమేస్త్రి, అతని క్రింద కూలి. యజమాని యిచ్చిన రూపాయి ఒక్కొక్క మెట్టున అరిగి కూలిచేతికి వచ్చెడిది. అప్పు తీరదు, మేస్త్రి విడువడు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీల సమ్మె, ఆ పైన బర్మీయులతో సంభవించిన ఘర్షణ అనేక ప్రాణములను బలిగొనెను. 1942లో జపాను దండయాత్రకు భయపడి అడవులలో కాలినడకను తిరిగివచ్చినవారిలో ఎందరో శ్రీకాకుళము, విశాఖ, గోదావరి సీమలవారు. దేశమునందలి పరిస్థితిని విచారించి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబరు కమిషను, సర్దారు, ముకద్దము, మేస్త్రి యని ప్రాంతమున కొక పేరుతో పిలువబడు ఈ మధ్యవర్తి, ఉద్యోగ మిచ్చినందుకును నిలిపినందుకును కూలివద్ద వసూలు చేయుటను ఖండించినది. ఎక్కువవాడు అను లాటిను అర్థము ఇక్కడ ఎక్కువ తీసికొనువాడుగా పరిణమించినది.

“నాన్నగారు కూడా తీసుకునేవారా?” అని నేను పినతండ్రిగారి నడిగితిని.

ఆయన కొంతసేపు కూలరువైపు చూచి, “తీసుకునేవాడురా. రైల్వేకి రాకముందు, గుత్తదారు దగ్గర చేసినప్పుడు. రూపాయికి అణా. అందరూ తీసుకునేవారు. మీ నాన్నకి అది తెలుసు. ఆ కూలీల పిల్లలు మీ నాన్నతో బడికి వచ్చేవారు” అనిరి. మరల తామే, “కాని జ్వరమొచ్చి పడిపోయినవాడి ఇంటికి బియ్యం పంపింది కూడా ఆ అణాల్లోంచే. అది కూడా రాసుకో, ఏదో రాస్తున్నావు కదా” అనిరి.

అందుచేత రెండును వ్రాసితిని. అణా తీసికొనుట, బియ్యము పంపుట ఒకదాని నొకటి కొట్టివేయునని నేను లెక్క కట్టజాలను. లెక్కల మాస్టారైన మా తండ్రిగారును కట్టలేకయే యూరకుండిరేమో. అయితే ముప్పదిమంది ఊరు విడిచి తెలియని భాషలు మాటలాడు సీమకు వచ్చినపుడు, వారికిని గుత్తదారునకును నడుమ ఒక్క మనుష్యుడు నిలిచెను. అతడు దుబాసి, పూటకాపు, అప్పులవాడు, రాతిపని నేర్పు గురువు. బండరాతి పొర ఎటు చీలునో ఉలితో తట్టి వినుటయెట్లో మా తాతగారు కుఱ్ఱలకు నేర్పెడివారని పినతండ్రిగారు చెప్పిరి. దానిని పాఠమనక యేమందుము? స్పానిషు తరగతిలో నేను కొట్టివేసిన ‘ఉపాధ్యాయుడు’ అనుమాటను మరల వ్రాసికొనవలసివచ్చినది, మిగిలినవానితోపాటు.

మరునాడు గోడ బాగుచేయుటకు రాజమిస్త్రీ వచ్చెను. అతడు ఛత్తీస్‌గఢీ, వెంట భార్య, తమ్ముడు. ఆమె మాలు మోయు ఇనుపతట్టను ఆ ప్రాంతమున ఘమేలా యందురు. అదియు పోర్చుగీసు గమెలాయే యని నేను చెప్పగా, పిన్నిగారు “నీ స్పానిషు పిచ్చి మా పెరట్లోకీ వచ్చిందా నాన్నా” అనిరి. స్పానిషు కాదు, పోర్చుగీసని సవరింపబోయి మానుకొంటిని. బీట మూయుటకు మూడుగంటలు పట్టెను. మనుమడు గోడ నీడను కూర్చుండి బడివారు వేసవి సెలవులకై యిచ్చిన పని చేయుచుండెను. వంశవృక్షము గీసి, ఒక్కొక్కరి పేరు క్రింద వృత్తి వ్రాయవలెను. హిందీలో వ్రాయవలెనని నియమము.

తండ్రికి సాఫ్టువేరు, తాతకు రైల్వే అని నింపిన పిమ్మట ముత్తాత గడియయొద్ద వాడు ఆగిపోయెను. “తాతయ్యా, మిస్త్రీ అని రాయనా?”

“మిస్త్రీ అంటే మీ టీచరు కూలరు బాగుచేసేవాడనుకుంటుంది.”

“రాజమిస్త్రీ?”

“అదీ కాదురా. ఆయన క్రింద ముప్పయిమంది ఉండేవారు.”

“మరి కాంట్రాక్టరు?”

పినతండ్రిగారు గట్టిగా తల ఊపి వలదనిరి. వాడు పెన్ను కొరుకుచు మా యిద్దరివైపు చూచుచుండెను. ఆయన కాగితము తీసికొని, గడియలో ఎంత చోటున్నదో చూచి, వాని చేతికిచ్చి, “తెలుగులోనే రాయి. మ కి ఏత్వం దీర్ఘం” అనిరి.